అబ్జర్వేటరీల్లో ఇంజనీరింగ్ ఉద్యోగం: తరచుగా అడిగే ప్రశ్నలు

అబ్జర్వేటరీలో ఇంజనీరుకు పనేముంటుంది? అక్కడ ఉండేది ఖగోళ శాస్త్రవేత్తలే కదా?

పెద్ద అబ్జర్వేటరీ సిబ్బంది జాబితా చూస్తే ఇంజనీర్లు, టెక్నీషియన్లు, సాఫ్ట్‌వేర్ వాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. టెలిస్కోపును వాడుకునే శాస్త్రవేత్తల్లో చాలామంది బయటి సంస్థలవాళ్లు. ప్రతిపాదన పంపుతారు, డేటా అందుకుంటారు, అంతే. యంత్రాన్ని కట్టేదీ, నడిపించేదీ, పాతబడకుండా చూసుకునేదీ ఇంజనీర్లే.

శాస్త్రవేత్త అడిగేది ఒక్క వాక్యంలో ఉంటుంది: "నక్షత్రం వేగంలో సెకనుకు 1 మీటరు తేడా పట్టుకోవాలి." దాన్ని ఉష్ణోగ్రత, పీడనం, కంపనం, ఫైబర్ అమరిక వంటి అంకెల్లోకి విడగొట్టి, ఆ అంకెలు నిజంగా వచ్చాయని కొలిచి చూపించడమే ఈ ఉద్యోగం. చిలీలోని లా సియాలో 2003 నుంచి పనిచేస్తున్న హార్ప్స్ స్పెక్ట్రోగ్రాఫ్‌ను, అంటే నక్షత్ర కాంతిని రంగులుగా విడదీసి కొలిచే పరికరాన్ని, వాక్యూమ్ పాత్రలో పెట్టి, ఉష్ణోగ్రతను 0.01 డిగ్రీ స్థాయిలో నిలకడగా ఉంచుతారు. ఎందుకంటే పరికరం లోపలి గాలి వక్రీభవనం కాస్త మారినా స్పెక్ట్రంలో గీతలు పక్కకు జరుగుతాయి. ఆ జరుగుడు నక్షత్రాన్ని కదిలించే గ్రహం వల్ల వచ్చిందో, గాలి వల్ల వచ్చిందో తర్వాత ఎవరూ తేల్చలేరు.

ఏ బ్రాంచి చదివితే ఏ పని దొరుకుతుంది?

మెకానికల్ వాళ్లకు టెలిస్కోపు నిర్మాణం, అద్దాల ఆధారాలు, డోమ్, క్రయోస్టాట్లు (పరికరాలను అతి చల్లగా ఉంచే వాక్యూమ్ పాత్రలు). ఎలక్ట్రానిక్స్ వాళ్లకు డిటెక్టర్ కంట్రోలర్లు, రేడియో రిసీవర్లు, ఎఫ్‌పీజీఏ (అవసరాన్ని బట్టి మనమే అమర్చుకునే చిప్) సిగ్నల్ ప్రాసెసింగ్. ఎలక్ట్రికల్, కంట్రోల్స్ వాళ్లకు మోటార్ డ్రైవులు, సర్వో లూపులు (కొలుస్తూ, తేడాను సరిచేస్తూ నడిపే నియంత్రణ), పీఎల్‌సీలు (యంత్రాలను నడిపే పారిశ్రామిక కంప్యూటర్లు). కంప్యూటర్స్ వాళ్లకు కంట్రోల్ సాఫ్ట్‌వేర్, డేటా పైప్‌లైన్లు. ఫిజిక్స్ నుంచి వచ్చేవాళ్లలో చాలామంది ఆప్టికల్ డిజైన్ వైపు వెళ్తారు.

మనుషులు ఎప్పుడూ చాలని పని ఆప్టోమెకానికల్ ఇంజనీరింగ్. లెన్సును ఎలా పట్టుకుంటే చల్లబడ్డప్పుడు పగలదో, ఏ బోల్టును ఎంత టార్క్‌తో బిగిస్తే అద్దం వంగదో తెలిసినవాళ్లు తక్కువ. మెకానికల్ చదివి ఆప్టిక్స్ మీద రెండు కోర్సులు గట్టిగా చేసినా ఈ తలుపు తెరుచుకుంటుంది.

సివిల్ ఇంజనీర్లను ఈ రంగంలో అందరూ మరిచిపోతారు. టెలిస్కోపు నిలబడే కాంక్రీటు పునాదిని డోమ్ పునాదికి తగలకుండా విడిగా కట్టాలి. లేకపోతే డోమ్ తిరిగినప్పుడల్లా ఆ కంపనం చిత్రంలో కనిపిస్తుంది.

పీహెచ్‌డీ తప్పనిసరా?

కాదు. బీటెక్ లేదా ఎంటెక్‌తో చేరి ప్రధాన ఇంజనీరు స్థాయికి వెళ్లే దారి ఉంది. అడాప్టివ్ ఆప్టిక్స్ (వాతావరణం చెడగొట్టే చిత్రాన్ని అప్పటికప్పుడు సరిచేసే పద్ధతి) అల్గారిథమ్‌లు, కొత్త డిటెక్టర్ల పరిశోధన వంటి చోట్ల పీహెచ్‌డీ ఉన్నవాళ్లకు మొగ్గు ఉంటుంది. దాన్ని కేవలం ఉద్యోగం కోసం చేయాలనుకుంటే మాత్రం, అదే కాలం ఒక పరికరం మొదటి డిజైన్ నుంచి కొండమీద బిగించేదాకా ఉన్న అనుభవమే ఎక్కువ పనికొస్తుంది.

నక్షత్రాల గురించి ఎంత తెలిసి ఉండాలి?

మీ పరికరం దేన్ని కొలుస్తుందో, ఆ కొలత ఎందుకు కష్టమో తెలిస్తే చాలు. రాశులన్నీ గుర్తుపట్టగలిగినా తరంగదైర్ఘ్యానికీ రిజల్యూషన్‌కూ సంబంధం చెప్పలేని అభ్యర్థి కంటే, నక్షత్రాల పేర్లేవీ తెలియకపోయినా కొలతలో కలిసే నాయిస్ (అనవసర ఒడిదుడుకులు) అంటే ఏమిటో తెలిసినవారు నయం.

అందరూ చెప్పే 'ఎర్రర్ బడ్జెట్' అంటే ఏమిటి?

పరికరం మొత్తానికి ఇంత దోషమే ఉండాలని పరిమితి పెట్టుకుని, దాన్ని భాగాలవారీగా పంచే పట్టిక. ఈ రంగంలో వాదనలన్నీ చివరికి దీని దగ్గరికే వస్తాయి.

అద్దం పాలిష్‌లో 50 నానోమీటర్లు, అమరికలో 40, ఉష్ణోగ్రత మార్పులో 30 నానోమీటర్ల దోషం ఉందనుకోండి. ఇవి ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే నేరుగా కూడకూడదు. ఒక్కోదాని వర్గం తీసి, కలిపి, వర్గమూలం తీయాలి: సుమారు 71 వస్తుంది. ఇప్పుడు ఉష్ణోగ్రత దోషాన్ని ఎంతో కష్టపడి 15కి తగ్గించారు. మొత్తం 66 దగ్గరే ఆగుతుంది. అదే పాలిష్ దోషాన్ని 25కి తెస్తే మొత్తం 56కి దిగుతుంది. సులువుగా తగ్గేదాన్ని కాక పెద్దగా ఉన్నదాన్ని పట్టుకోవాలని ఈ లెక్క చెబుతుంది.

దోషం ఎంతుంటే చాలనేది తరంగదైర్ఘ్యాన్ని బట్టి ఉంటుంది. అదే 71 నానోమీటర్లతో 1.65 మైక్రాన్ల ఇన్‌ఫ్రారెడ్‌లో స్ట్రెల్ నిష్పత్తి (దోషం లేని చిత్రంతో పోలిస్తే నక్షత్రం చిత్రం మధ్యలో ఎంత ప్రకాశం నిలిచిందో చెప్పే కొలత) 93 శాతం వస్తుంది. 0.5 మైక్రాన్ల కనిపించే కాంతిలో 45 శాతానికి పడిపోతుంది. అద్దం అదే, బిగింపు అదే. ఒక పరికరానికి అద్భుతం, ఇంకోదానికి పనికిరాదు.

కొత్తవాళ్లు ఇక్కడ చేసే పొరపాటు ఒకటుంది. ఒకే కారణం నుంచి పుట్టే రెండు దోషాలను వేర్వేరుగా రాసి వర్గాల పద్ధతిలో కలిపేస్తారు. రాత్రి చల్లబడినప్పుడు ఫోకస్ జరగడం, అద్దం ఆకారం మారడం రెండూ ఉష్ణోగ్రత నుంచే వస్తాయి. అవి కలిసికట్టుగా పెరుగుతాయి కాబట్టి నేరుగానే కూడాలి.

ఉష్ణోగ్రత గురించి ఇంత పట్టింపు ఎందుకు?

ఉక్కు మీటరుకు, డిగ్రీకి 12 మైక్రాన్లు సాగుతుంది. 10 మీటర్ల ఉక్కు చట్రం 5 డిగ్రీలు చల్లబడితే 0.6 మిల్లీమీటర్లు కురచబడుతుంది, ఫోకస్ పోతుంది. అందుకే అద్దాలకు జెరోడ్యూర్ వంటి దాదాపు సాగని గాజు వాడతారు. చట్రానికి ఉష్ణోగ్రత సెన్సర్లు పెట్టి, రెండో అద్దాన్ని జరిపి సరిచేస్తారు. అద్దం చుట్టుపక్కల గాలికంటే వెచ్చగా ఉన్నా ముప్పే: దాని మీద నుంచి లేచే వేడిగాలి చిత్రాన్ని అలుకుతుంది. అందుకని పగలంతా డోమ్‌ను ఆ రాత్రి రాబోయే ఉష్ణోగ్రతకు చల్లబరిచి ఉంచుతారు.

పెద్ద అద్దాల దగ్గర రోజువారీ పని ఎలా ఉంటుంది?

చిలీలోని వీఎల్‌టీ టెలిస్కోపు ప్రధాన అద్దం వ్యాసం 8.2 మీటర్లు, మందం 175 మిల్లీమీటర్లే. తన బరువుకే వంగిపోతుంది కాబట్టి వెనక 150 ఆధారాలు రాత్రంతా బలాన్ని సర్దుతూ ఆకారాన్ని కాపాడతాయి. హవాయిలోని కెక్ టెలిస్కోపులది ఇంకో దారి: 36 షట్కోణ ముక్కలు, వాటి అంచుల మధ్య తేడా చూసే 168 సెన్సర్లు, ముక్కలను కదిపే 108 యాక్చుయేటర్లు. చిలీలో కడుతున్న ఈఎల్‌టీ టెలిస్కోపుకు ఇలాంటి ముక్కలు 798.

ముక్కల సంఖ్య పెరిగేకొద్దీ డిజైన్ కంటే నిర్వహణ బరువవుతుంది. అల్యూమినియం పూత మందం 100 నానోమీటర్ల స్థాయిలోనే ఉంటుంది; దుమ్ము, తేమ దాన్ని తినేస్తాయి. చాలాచోట్ల ఒకటి రెండేళ్లకోసారి అద్దం దించి, పాత పూతను రసాయనాలతో తీసి, వాక్యూమ్ ఛాంబర్లో కొత్త పూత వేస్తారు. మధ్యలో కార్బన్ డయాక్సైడ్ మంచు చిమ్మి దుమ్ము దులుపుతారు. మూడు అద్దాలు ఒక్కోటి 90 శాతం చొప్పున ప్రతిఫలిస్తే చివరికి అందేది 73 శాతం కాంతే. అదే 98 శాతం చొప్పున అయితే 94. వెండి పూత కష్టమైనా జెమిని వంటి అబ్జర్వేటరీలు దాన్ని ఎంచుకున్నది ఇందుకే.

అద్దం ఎత్తే రోజు క్రేన్ దగ్గర మాట్లాడేది ఒక్కరే ఉండాలి. పనిముట్లన్నీ తాడుతో ఒంటికి కట్టుకోవాలి. జేబుల్లో పెన్ను కూడా ఉండకూడదు. ఈ నియమాలను చాదస్తం అనుకునేవాళ్లు అద్దాల దరిదాపుల్లోకి రాకపోవడమే మంచిది.

అడాప్టివ్ ఆప్టిక్స్‌లో అసలు కష్టం ఎక్కడుంది?

వాతావరణం వల్ల కాంతి తరంగం ముడతలు పడుతుంది. మంచి ప్రదేశంలో కూడా, కనిపించే కాంతిలో, 10 నుంచి 20 సెంటీమీటర్ల మేరకే అది నున్నగా ఉంటుంది. అంటే 8 మీటర్ల టెలిస్కోపు కూడా 20 సెంటీమీటర్ల టెలిస్కోపుకు మించి స్పష్టంగా చూడలేదు. ఈ ముడతలను సెన్సర్‌తో కొలిచి, వంగే అద్దంతో సెకనుకు 1000 సార్ల దాకా సరిచేస్తారు. దగ్గర్లో ప్రకాశవంతమైన నక్షత్రం లేకపోతే 589 నానోమీటర్ల లేజర్‌తో 90 కిలోమీటర్ల ఎత్తున ఉన్న సోడియం పొరను వెలిగించి కృత్రిమ నక్షత్రం సృష్టిస్తారు.

లెక్క పెద్దదే. సెన్సర్ నుంచి 10,000 కొలతలు, అద్దానికి 5,000 యాక్చుయేటర్లు ఉంటే ప్రతి ఫ్రేముకు 5 కోట్ల గుణకారాలు. ఇప్పటి కంప్యూటర్లకు అది గండం కాదు. గండమల్లా జిట్టర్, అంటే లెక్కకు పట్టే సమయం ప్రతిసారీ ఒకేలా ఉండకపోవడం. సగటున 0.3 మిల్లీసెకన్లలో పూర్తయ్యే లెక్క అప్పుడప్పుడు 2 మిల్లీసెకన్లు తీసుకుంటే లూపు కంపించడం మొదలవుతుంది. కాబట్టి సగటు చూపించే గ్రాఫు కంటే, లక్షల ఫ్రేముల్లో అత్యంత ఆలస్యమైనదాన్ని చూపించే గ్రాఫు అడగండి.

ప్రయోగశాలలో చక్కగా నడిచిన లూపు కొండమీద ఎందుకు తెగిపోతుందనేది తరచూ ఎదురయ్యే చిక్కు. ముందుగా చూడాల్సింది సెన్సర్‌కూ అద్దానికీ మధ్య అమరిక జరిగిందా అని. రెండు యాక్చుయేటర్ల మధ్య దూరంలో పావు, సగం వంతు జరిగినా దిద్దుబాటు తప్పు చోట పడుతుంది. తర్వాత చూడాల్సింది ఫ్యాన్లు, పంపులు, క్రయోకూలర్ల కంపనాలు. యాక్సిలరోమీటర్ తగిలించి, ఒక్కో యంత్రాన్నీ ఆపుతూ స్పెక్ట్రంలో ఏ శిఖరం మాయమవుతుందో చూడండి. విసుగు పుట్టించే పద్ధతే గానీ దీనికి మించిన అడ్డదారి లేదు.

డిటెక్టర్లను చల్లబరిచే క్రయోస్టాట్లలో ఏం చెడుతుంది?

చాలా చెడతాయి, అన్నీ నెమ్మదిగా. అల్యూమినియం గది ఉష్ణోగ్రత నుంచి 77 కెల్విన్‌కు దిగితే దాదాపు 0.4 శాతం కుంచించుకుపోతుంది. 250 మిల్లీమీటర్ల బల్ల అంటే 1 మిల్లీమీటరు. దాని మీద గట్టిగా బిగించిన గాజు అంతగా కుంచించుకోదు కాబట్టి పగులుతుంది. సన్నని లోహపు రేకుల ఆధారాలు, అంటే ఫ్లెక్షర్లు, ఆ తేడాను మింగడానికే.

వాక్యూమ్ కొన్నాళ్లకే పాడవుతుంటే బయటి లీకు కోసం వెతికే ముందు లోపలి బోల్టులు చూడండి. మూసుకుపోయిన రంధ్రంలో బిగించిన బోల్టు కింద చిక్కుకున్న గాలి రోజుల తరబడి కొద్దికొద్దిగా బయటికొస్తుంది. హీలియం లీక్ డిటెక్టర్‌కు ఇది దొరకదు. మధ్యలో రంధ్రం ఉన్న బోల్టులు వాడాలి. పంపింగ్ చాలకుండానే చల్లబరిస్తే నీటి ఆవిరి అన్నిటికంటే చల్లని చోటే గడ్డకడుతుంది. ఆ చోటు డిటెక్టర్ కాకుండా, దానికంటే ముందు చల్లబడే బొగ్గు లేదా జియోలైట్ గెటర్ (ఆవిరిని పీల్చుకునే పదార్థం) అయ్యేలా చూడాలి. తిరిగి వేడెక్కించేటప్పుడు ఈ క్రమం తలకిందులవ్వాలి: డిటెక్టర్ అన్నిటికంటే ముందు వేడెక్కాలి.

స్థిర విద్యుత్తు గురించి వేరే చెప్పాలా? మణికట్టు పట్టీ లేకుండా డిటెక్టర్ కనెక్టర్ ముట్టుకున్న ఒక్క క్షణంతో, మళ్లీ తయారు చేయించుకోవడానికి నెలలు పట్టే చిప్ పోతుంది.

రేడియో టెలిస్కోపుల పని దీనికి భిన్నమా?

పనిముట్లు వేరు, ఆలోచన ఒకటే. డిష్ ఉపరితలం ఎంత నునుపుగా ఉండాలన్నది ఇక్కడా తరంగదైర్ఘ్యమే నిర్ణయిస్తుంది. సగటు దోషం తరంగదైర్ఘ్యంలో ఇరవయ్యో వంతు ఉంటే డిష్ సామర్థ్యంలో మూడో వంతు పోతుంది. మిల్లీమీటర్ తరంగాలు చూసే, చిలీలోని ఆల్మా యాంటెన్నాలకు 25 మైక్రాన్ల లోపు అవసరం. మీటర్ తరంగాలు చూసే, పుణె దగ్గరి జీఎంఆర్‌టీ టెలిస్కోపులో 45 మీటర్ల డిష్‌లను తీగల వలతోనే కట్టగలిగారు.

మొదటి యాంప్లిఫయర్‌కు ముందు పోయే ప్రతి డెసిబెల్ ఖరీదైనది. గది ఉష్ణోగ్రతలో ఉన్న కేబుల్లో 1 డెసిబెల్ పోతే 75 కెల్విన్ల నాయిస్ అదనంగా చేరుతుంది. చల్లబరిచిన మంచి యాంప్లిఫయర్ తనవంతుగా చేర్చేది ఇందులో చిన్న భాగమే. అందుకే యాంప్లిఫయర్‌ను ఫీడ్‌కు (డిష్ నుంచి వచ్చే తరంగాలను అందుకునే భాగానికి) ఆనించి పెడతారు.

రెండో శత్రువు మనుషులు పుట్టించే రేడియో సంకేతాలు. ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోపులో ఏళ్ల తరబడి అంతుపట్టని మెరుపులకు మూలం, పూర్తికాకుండానే తలుపు తీసిన మైక్రోవేవ్ ఓవెన్ అని 2015లో తేలింది. కాబట్టి మీరు కొత్తగా పెట్టే పవర్ సప్లయి, ఎల్ఈడీ దీపం, ఈథర్నెట్ స్విచ్ ఏదైనా షీల్డ్ పెట్టెలో పరీక్షించాకే ఆవరణలోకి వెళ్తుంది.

సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు ఏ పరిజ్ఞానంతో రావాలి?

పైథాన్, సీ++, లినక్స్. ఎపిక్స్, టాంగో వంటి కంట్రోల్ ఫ్రేమ్‌వర్కులు చేరాక నేర్చుకోవచ్చు. వెబ్ రంగం నుంచి వచ్చేవాళ్లు సర్దుకోవాల్సింది ఒకటే: ఇక్కడ బగ్ వస్తే వందల టన్నుల ఉక్కు కదులుతుంది. అత్యవసరంగా ఆపే మీట, చివరి పరిమితి స్విచ్ సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడకూడదు. నేరుగా డ్రైవ్ కరెంటును తెంచాలి. కంట్రోల్ ప్రోగ్రాం చచ్చిపోతే మోటార్లు చివరి ఆజ్ఞనే పట్టుకుని తిరుగుతూ ఉండకుండా వాచ్‌డాగ్ (ప్రోగ్రాం ఆగితే గమనించే కాపలా) పెట్టాలి.

గడియారం సంగతీ పట్టించుకోవాలి. ఆకాశం సెకనుకు 15 ఆర్క్‌సెకన్లు తిరుగుతుంది (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు). గడియారం 10 మిల్లీసెకన్లు తప్పితే టెలిస్కోపు గురి 0.15 ఆర్క్‌సెకన్లు తప్పుతుంది.

తనిఖీల మీద, కాగితాల మీద ఇంత కాలం ఎందుకు పోతుంది?

హబుల్ అంతరిక్ష టెలిస్కోపు అద్దం వల్ల. 1990లో ప్రయోగించిన ఆ అద్దం అంచు ఉండాల్సినదానికంటే 2.2 మైక్రాన్లు పల్చనైంది. అద్దాన్ని పరీక్షించే నల్ కరెక్టర్ పరికరంలో ఒక లెన్సు 1.3 మిల్లీమీటర్లు తప్పు చోట ఉంది. పాలిష్ చేసినవాళ్లు ఆ తప్పు కొలతకు సరిగ్గా సరిపోయేలా, ఎంతో నేర్పుగా అద్దాన్ని చెక్కారు. వేరే పరీక్షలు తేడా చూపించాయి కూడా, కానీ అవి తక్కువ ఖచ్చితమైనవని పక్కన పెట్టేశారు. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి దిద్దుబాటు ఆప్టిక్స్ బిగించాల్సి వచ్చింది.

అప్పట్నుంచి ముఖ్యమైన ప్రతి కొలతనూ రెండు స్వతంత్ర పద్ధతుల్లో చేయాలని, రెండూ కలవకపోతే పని ఆపాలని ఒప్పందాల్లోనే రాస్తున్నారు. ప్రాథమిక డిజైన్ సమీక్ష, తుది డిజైన్ సమీక్ష, అంగీకార పరీక్ష, కొండమీద కమిషనింగ్: ప్రతి మెట్టు దగ్గరా బయటి నిపుణులు కూర్చుని ప్రశ్నిస్తారు. ఇక ఇంటర్‌ఫేస్ పత్రం అంటే రెండు బృందాల భాగాలు కలిసేచోట బోల్టు రంధ్రాలు, కేబుల్ పిన్నులు, బరువు, వేడి అన్నీ రాసి ఇద్దరూ సంతకం పెట్టేది. మనం చూసే గొడవల్లో సగం ఆ పత్రంలో నిర్దేశాంకాల దిశ, అంటే ఎక్స్ అక్షం ఎటువైపో, రాయకపోవడం వల్లే వస్తాయి.

ఎత్తైన ప్రదేశాల్లో పనిచేయడం కష్టమా?

ఆల్మా యాంటెన్నాలు 5000 మీటర్ల ఎత్తున ఉన్నాయి; అక్కడ వాయుపీడనం సముద్రమట్టంలో సగానికి కాస్తే ఎక్కువ. అందుకే సాధారణ పని 2900 మీటర్ల దగ్గరున్న కేంద్రం నుంచి చేస్తారు. పైకి వెళ్లేవాళ్లకు వైద్య పరీక్ష, ఆక్సిజన్ తప్పవు. బుర్ర మందగిస్తుంది కాబట్టి చేయాల్సిన ప్రతి అడుగూ కిందే రాసుకుని, పైన ఆ కాగితం చూసే చేయాలి.

యంత్రాలకూ ఇబ్బందే. పల్చటి గాలిలో ఫ్యాన్లు సరిగా చల్లబరచలేవు. తిరిగే హార్డ్‌డిస్కుల్లో హెడ్ గాలి పొరమీద తేలుతుంది కాబట్టి అవి అక్కడ పాడవుతాయి. హై వోల్టేజి చోట్ల స్పార్క్ సులువుగా దూకుతుంది. కొనేముందు డేటాషీట్‌లో ఎత్తు పరిమితి చూడటం అలవాటు చేసుకోండి.

ఉద్యోగం రాకముందే చేతులతో ఏం నేర్చుకోవచ్చు?

ఒక మామూలు కెమెరాతో డిటెక్టర్ లక్షణాలు కొలవండి. రెజ్యూమెలో పది కోర్సుల కంటే ఇది ఎక్కువ చెబుతుంది. రా ఫైళ్లు ఇచ్చే కెమెరా, నిలకడైన డీసీ దీపం, ముందు తెల్ల కాగితం చాలు. గెయిన్ (ఐఎస్‌ఓ) మార్చకుండా, కాంతి లేకుండా అతి తక్కువ ఎక్స్‌పోజర్‌తో రెండు ఫ్రేములు తీయండి. తర్వాత ఎక్స్‌పోజర్ పెంచుతూ 10 నుంచి 12 స్థాయిల్లో రెండేసి ఫ్రేములు తీయండి. రంగుల కెమెరా అయితే ఒకే రంగు పిక్సెళ్లను విడదీసుకోండి. ప్రతి జతలో ఒకదాన్నుంచి ఇంకోదాన్ని తీసేసి, మధ్య భాగంలో వేరియన్స్ (ప్రామాణిక విచలనం వర్గం) లెక్కగట్టి, రెండుతో భాగించండి. బయస్ (కాంతి లేని ఫ్రేములో వచ్చే సగటు) తీసేసిన సగటు మీద దీన్ని గీస్తే సరళరేఖ వస్తుంది. సగటు 10,000 కౌంట్ల (కెమెరా ఫైల్లో కనిపించే అంకెల) దగ్గర వేరియన్స్ 5,000 అయితే వాలు 0.5, అంటే ఒక కౌంటుకు 2 ఎలక్ట్రాన్లు. చీకటి ఫ్రేముల తేడాలో ప్రామాణిక విచలనం 4.2 కౌంట్లు వస్తే, దాన్ని 1.41తో భాగించి 2తో హెచ్చించండి. రీడ్ నాయిస్ దాదాపు 6 ఎలక్ట్రాన్లు.

రేఖ వంకరగా వస్తే కారణం ఎక్కడుందో వెతకడంలోనే చదువంతా ఉంది. పైచివర ఒక్కసారిగా కిందికి పడితే పిక్సెళ్లు నిండిపోయాయి. చుక్కలు చెల్లాచెదురుగా ఉంటే దీపం మినుకుతోంది. వేరియన్స్ సగటు వర్గంలా పెరుగుతుంటే జతలు తీసేయకుండా ఒకే ఫ్రేము వాడారన్నమాట, అది పిక్సెళ్ల మధ్య సహజమైన తేడా.

రేడియో ఇష్టమైనవాళ్లు హార్న్ యాంటెన్నా, తక్కువ నాయిస్ యాంప్లిఫయర్, ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటరుకు తగిలించే చిన్న రేడియో రిసీవర్)తో 1420.4 మెగాహెర్ట్జ్ దగ్గర పాలపుంత హైడ్రోజన్ గీతను పట్టవచ్చు.

ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు?

మీరు చేసినదాని గురించే లోతుగా అడుగుతారు. ఆ కొలతలో అనిశ్చితి ఎంత, అది ఎక్కడినుంచి వచ్చింది, ఇంకో పద్ధతిలో సరిచూశారా? బీమ్ వంగుడు, ఆర్‌సీ ఫిల్టర్, సర్వో లూపు ఫేజ్ మార్జిన్ వంటి ప్రాథమిక ప్రశ్నలు కాగితం మీద చేయిస్తారు. తెలియనిది తెలియదని చెప్పి, ఎలా కనుక్కుంటారో చెబితే మార్కులు పోవు. వాడిన సాఫ్ట్‌వేర్ పేర్ల జాబితాను ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

జీతం, భద్రత ఎలా ఉంటాయి?

చిప్, సాఫ్ట్‌వేర్ పరిశ్రమలకంటే సాధారణంగా తక్కువే. ప్రాజెక్టు నిధులతో నడిచే కాంట్రాక్టులు మామూలు. ప్రాజెక్టులు మాత్రం చాలా సాగుతాయి: జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు గురించిన చర్చలు 1989లో మొదలైతే ప్రయోగం 2021 డిసెంబరు 25న జరిగింది. చేరేముందు ఆ ప్రాజెక్టు ఏ దశలో ఉందో, నిధులు ఎప్పటిదాకా మంజూరయ్యాయో అడగడంలో మొహమాటం వద్దు. డిజైన్ దశలో చేరితే మీరు గీసినది లోహంగా మారడం చూడకుండానే కాంట్రాక్టు ముగియొచ్చు. అసెంబ్లీ, పరీక్షల దశలో చేరితే తక్కువ కాలంలో ఎక్కువ నేర్చుకుంటారు, నిద్ర తక్కువ.

తర్వాత వేరే రంగానికి మారాలంటే?

దారులు చాలా ఉన్నాయి. ఖచ్చితమైన ఆప్టిక్స్ తెలిసినవాళ్లను చిప్ తయారీ యంత్రాల కంపెనీలు, ఉపగ్రహ కెమెరాల సంస్థలు తీసుకుంటాయి. అడాప్టివ్ ఆప్టిక్స్ వాళ్లకు లేజర్ కమ్యూనికేషన్, కంటి రెటీనా చిత్రణ ఉన్నాయి. క్రయోజెనిక్స్, తక్కువ నాయిస్ ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్లకు క్వాంటమ్ కంప్యూటర్ ప్రయోగశాలల్లో గిరాకీ ఉంది. మారేటప్పుడు రెజ్యూమెలో టెలిస్కోపు పేరు కంటే మీరు సాధించిన అంకె ముందుండాలి: ఎన్ని నానోమీటర్లు, ఎన్ని మిల్లీకెల్విన్లు, ఎన్ని గంటలు ఆగకుండా నడిచింది.